నెగెటివ్ అంటే జబ్బు లేనట్టేనా?

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ చదివే సీమ విద్యార్థులకు ఇంటర్వ్యూలోనూ ఉద్యోగంలోనూ ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదే!

జ్వరం మొదలై మూడు రోజులైంది. రక్తపరీక్ష చేయించారు. 'స్క్రబ్ టైఫస్ ఐజీఎం: నెగెటివ్' అని రిపోర్టు వచ్చింది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అదే మనిషికి ఇంకో నాలుగైదు రోజులాగి అదే పరీక్ష చేస్తే పాజిటివ్ రావచ్చు. మెషిన్ చెడిపోలేదు. కిట్ గడువు దాటలేదు. టెక్నీషియన్ తప్పు కూడా ఏమీ లేదు. మరి తేడా ఎక్కడుంది?

రోజులో ఉంది. క్రిమి లోపలికి వెళ్లిన రోజు నుంచి మన రోగనిరోధక వ్యవస్థ ఒక వరుసలో పని చేస్తుంది. ఆ వరుసలో ఏ రోజు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకే రిపోర్టు అర్థమవుతుంది. తెలియనివాళ్లకు అది పాజిటివ్, నెగెటివ్ అనే రెండు మాటలే. కిట్‌లో చుక్క వేయడం వారం రోజుల్లో ఎవరికైనా నేర్పించొచ్చు. ఆ చుక్క ఏం చెబుతోందో చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. మీ డిగ్రీకి విలువ వచ్చేది అక్కడే.

ఎండల సీమలో ఈ పురుగేంటి?

స్క్రబ్ టైఫస్ అనగానే తడి అడవులు, వాన ఎక్కువ పడే కొండ ప్రాంతాలు గుర్తొస్తాయి. కర్నూలు, కడప వైపు చూస్తే కంపచెట్లు, బీళ్లు, వేరుశనగ చేలు. అయినా చిత్తూరు, కడప, కర్నూలు ప్రాంతాల రోగుల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తిస్తూనే ఉన్నారు. 2025 చివర్లో రాష్ట్రమంతటా ఇది వార్తల్లోకి ఎక్కింది.

కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం ఉండదు. ఈ జబ్బును మోసేది నల్లి జాతికి చెందిన చిగ్గర్ అనే అతి చిన్న పురుగు. అందులోనూ పెద్ద పురుగు మనిషి జోలికి రాదు. దాని లార్వా మాత్రమే కుడుతుంది. పొదలు, గడ్డి, ఎలుకలు తిరిగే చోటు దానికి ఇల్లు. వానలు పడి బీళ్లు పచ్చబడ్డాక, చలికాలం దాకా దాని సంఖ్య పెరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మన దగ్గర గొర్రెలు మేపేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు, చేలో కోతకు వంగేవాళ్లు పొదల మధ్య ఉంటారు. ఏడాదంతా తడి ఉండక్కర్లేదు, ఆ కొన్ని నెలలు చాలు.

లార్వా దశలో చిగ్గర్ సాధారణంగా ఒక్కసారే ఆహారం తీసుకుంటుంది. మరి ఒక మనిషి నుంచో, ఎలుక నుంచో క్రిమిని తీసుకుని ఇంకొకరికి ఎలా ఇస్తుంది? ఇవ్వదు. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు క్రిమి చేరుతుంది. అంటే లార్వా పుట్టుకతోనే క్రిమితో పుడుతుంది. రోగి నుంచి రోగికి దోమ మోసే మలేరియాకూ దీనికీ ఇదే తేడా.

మొదటి గంటల నుంచి రెండో వారం దాకా..

చిగ్గర్ కుట్టినప్పుడు నొప్పి తెలియదు. చర్మంలోకి చేరే క్రిమి పేరు ఓరియెన్షియా సుట్సుగముషి. సాధారణంగా ఆరు నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఈ లోపు శరీరం ఊరికే కూర్చోదు.

మొదట స్పందించేది పుట్టుకతో వచ్చిన రక్షణ. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే తెల్ల రక్తకణాలు గంటల్లోనే కుట్టిన చోటికి చేరతాయి. వీటికి 'ఇది ఫలానా క్రిమి' అని తెలియదు. 'ఇది మనది కాదు' అన్నంతవరకే తెలుసు. ఇవి విడుదల చేసే సైటోకైన్లు మెదడులోని హైపోథాలమస్‌కు సంకేతం పంపి ఒంటి వేడిని పెంచుతాయి. జ్వరం అనేది క్రిమి చేసిన పనే అనుకుంటాం. నిజానికి అది చాలావరకు మన శరీరం ఇచ్చే జవాబు.

రెండో దశకు టైమ్ పడుతుంది. డెండ్రిటిక్ కణాలు క్రిమి ముక్కలను పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి తీసుకెళ్తాయి. అక్కడ లక్షలాది టి-కణాలు, బి-కణాల్లో ఆ ముక్కకు సరిపోయే కొన్నింటిని వెతకాలి. దొరికాక అవి వందలు, వేలుగా పెరగాలి. ఆ తర్వాతే యాంటీబాడీలు తయారై రక్తంలోకి వస్తాయి. ముందు ఐజీఎం, తర్వాత ఐజీజీ. ఈ మొత్తం ప్రక్రియకు దాదాపు వారం. అందుకే జ్వరం వచ్చిన మూడో రోజున ఐజీఎం వెతికితే, ఇంకా తయారు కాని వస్తువు కోసం వెతికినట్టే.

దాక్కునే విద్య

ఓరియెన్షియా రక్తంలో ఈదుతూ తిరిగే రకం కాదు. కణం లోపలైతేనే బతుకుతుంది. మాక్రోఫేజ్ దాన్ని మింగి ఒక సంచిలో బంధించి జీర్ణం చేయాలని చూస్తుంది. ఈ క్రిమి ఆ సంచిని చీల్చుకుని కణంలోని ద్రవంలోకి జారుకుంటుంది. అక్కడే పిల్లలు పెడుతుంది. రక్తనాళాల లోపలి గోడ కణాలంటే దీనికి మరీ ఇష్టం. ఒంట్లో రక్తనాళం లేని అవయవం ఉండదు కదా! అందుకే జబ్బు ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు పొరలు అన్నీ దెబ్బతింటాయి.

కణం లోపల ఉన్నదాన్ని యాంటీబాడీ చేరలేదు. ఆ పని టి-కణాలది. క్రిమి చేరిన కణాన్నే గుర్తుపట్టి నాశనం చేయాలి. చాలామంది విద్యార్థులు 'హ్యూమరల్ ఇమ్యూనిటీ, సెల్యులర్ ఇమ్యూనిటీ' అని పరీక్షకు బట్టీ పట్టి మర్చిపోతారు. ఒక్క స్క్రబ్ టైఫస్‌ను అర్థం చేసుకుంటే రెండింటి తేడా జన్మలో మర్చిపోరు.

మందుల సంగతీ ఇక్కడే తేలుతుంది. పెన్సిలిన్ కుటుంబపు మందులు బ్యాక్టీరియా గోడ మీద దెబ్బకొడతాయి. ఓరియెన్షియాకు ఆ గోడ పదార్థం నామమాత్రమే. కాబట్టి అవి పని చేయవు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మాత్రం కణం లోపలికి వెళ్లి, క్రిమి ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాంగాన్నే ఆపేస్తాయి. సరైన మందు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. తీవ్రమైన కేసుల్లో ఈ రెండు మందులూ కలిపి ఇస్తే మేలని మన దేశ ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ తేల్చింది. ఆ ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

డాక్సీసైక్లిన్ పుట్టిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్. 1948లో అది బయటికొచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. అక్కడ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కడప ఆసుపత్రిలో ఒక గొర్రెల కాపరికి ఇచ్చే మాత్ర వెనుక ఇంత కథ ఉంది.

ఏ రోజు ఏ పరీక్ష?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ల్యాబ్ పరీక్షలన్నీ రెండే రకాలు. క్రిమిని గానీ దాని ముక్కను గానీ వెతికేవి ఒకటి. క్రిమికి శరీరం ఇచ్చిన జవాబును వెతికేవి రెండోది. మొదటివి జబ్బు తొలిరోజుల్లో, రెండోవి తర్వాతి రోజుల్లో బాగా పనికొస్తాయి. ఈ ఒక్క సూత్రంతో మన ప్రాంతంలో కనిపించే జ్వరాలను చూడండి.

• స్క్రబ్ టైఫస్: మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు, పీసీఆర్‌తో క్రిమి జన్యుపదార్థాన్ని వెతకొచ్చు. ఐజీఎం ఎలైజాకు వారం దగ్గరపడ్డాక బలం. ఇంకో సంగతి.. ఐజీఎం నెలల తరబడి రక్తంలో ఉండిపోవచ్చు. కాబట్టి పాజిటివ్ వచ్చినా అది ఈసారి జ్వరానిదా, పాతదా అన్నది చూడాలి.

• డెంగీ: మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 యాంటిజెన్. ఆ తర్వాత ఐజీఎం.

• టైఫాయిడ్: మొదటి వారంలో బ్లడ్ కల్చర్ ముఖ్యం. ఊళ్లల్లో అందరికీ తెలిసిన వైడాల్ పరీక్ష 1896 నాటిది. అది యాంటీబాడీలను చూస్తుంది. గతంలో సోకిన జబ్బు, వేయించుకున్న టీకా కూడా దాన్ని పాజిటివ్ చేయగలవు. ఒక్క వైడాల్ పాజిటివ్‌తో టైఫాయిడ్ అని తేల్చేయడం సరికాదు.

• మలేరియా: రక్తపు స్మియర్‌లోనే పరాన్నజీవి కనిపిస్తుంది. ర్యాపిడ్ కిట్ కూడా దాని యాంటిజెన్‌నే పడుతుంది. యాంటీబాడీ కోసం ఆగే పనిలేదు.

• క్షయ: మాంటూ పరీక్షలో చర్మంలోకి సూది వేశాక 48 నుంచి 72 గంటలకు ఉబ్బు కొలుస్తారు. క్షయ క్రిమి సోకాక ఈ పరీక్ష పాజిటివ్‌గా మారడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

స్క్రబ్ టైఫస్‌కు పాతకాలం నుంచి వాడే వీల్-ఫెలిక్స్ పరీక్ష కూడా తెలుసుకోండి. 1916 నాటి ఈ పరీక్షలో ఓరియెన్షియా అసలు ఉండదు. ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియాను వాడతారు. రెండింటి మీదా ఒకేలాంటి గుర్తు ఉండటంతో ఓరియెన్షియాకు తయారైన యాంటీబాడీలు ప్రోటియస్‌కు కూడా అతుక్కుంటాయి. ఖర్చు తక్కువే. కానీ చాలా కేసులు దీనికి దొరకవు. 'క్రాస్ రియాక్షన్‌కు ఉదాహరణ చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇక ఏ మెషిన్ అవసరం లేని పరీక్ష ఒకటుంది. చిగ్గర్ కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ పడొచ్చు. వైద్యులు దాన్ని ఎస్కార్ అంటారు. చంకలో, గజ్జల్లో, నడుముకు బట్ట బిగుసుకునే చోట ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, అడిగి వెతకాలి. అందరిలోనూ అది కనిపించదు కూడా. అది కనిపించినా, లక్షణాలు సరిపోయినా వైద్యులు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది. వైద్యం అందకపోతే ఈ జబ్బు కొందరిని బలితీసుకుంటుంది. మాత్రల పేరు ఇక్కడ చదివాం కదా అని సొంతంగా వాడటం మాత్రం వద్దు.

ఒక చిన్న లెక్క

నియామక పరీక్షల్లో తరచూ వచ్చే లెక్క ఇది. ఊహించుకోవడానికి అంకెలు తీసుకుందాం. జ్వరంతో 1000 మంది వచ్చారు. వారిలో 20 మందికే అసలు జబ్బు ఉంది. పరీక్ష సెన్సిటివిటీ 95 శాతం, స్పెసిఫిసిటీ 95 శాతం. బ్రహ్మాండమైన పరీక్షే అనిపిస్తుంది కదా!

జబ్బున్న 20 మందిలో 19 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బులేని 980 మందిలో ఐదు శాతం, అంటే 49 మందికీ పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 68. అందులో నిజమైనవి 19. అంటే దాదాపు 28 శాతం! జబ్బు అరుదుగా ఉన్నప్పుడు మంచి పరీక్ష కూడా ఎక్కువమందిని భయపెడుతుంది. అదే కిట్‌ను జబ్బు లక్షణాలు, మచ్చ, పొదల్లో తిరిగిన చరిత్ర ఉన్నవాళ్లకే వాడితే లెక్క మారిపోతుంది. ఎవరికి, ఏ రోజు, ఏ పరీక్ష అన్న మూడూ కలిస్తేనే రిపోర్టుకు అర్థం.

జ్ఞాపకం ఎప్పుడూ మేలే చేస్తుందా?

ఒకసారి సోకిన క్రిమిని మన వ్యవస్థ గుర్తుపెట్టుకుంటుంది. టీకాలన్నీ ఈ జ్ఞాపకం మీదే నిలబడ్డాయి. అయితే ఆ జ్ఞాపకానికీ హద్దులున్నాయి. ఓరియెన్షియాలో రకాలు చాలా ఉన్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి ఎక్కువకాలం పనికిరాదు. అందుకే దీనికి ఇప్పటికీ టీకా లేదు. డెంగీలో వైరస్ రకాలు నాలుగు. రెండోసారి వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని ఆపలేకపోగా, కణాల్లోకి వెళ్లడానికి తోవ చూపిన సందర్భాలున్నాయి.

క్షయలో ఈ లెక్క రోజుల్లో కాదు, ఏళ్లలో నడుస్తుంది. మాక్రోఫేజ్‌లు ఆ క్రిమిని చంపలేక చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. అది ఏళ్లపాటు నిద్రపోయి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. కడపకు పొరుగున ఉన్న మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఈ పోరులో దేశానికే తెలిసిన పేరు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి.

టైఫాయిడ్ టీకా కథలో ఇంకో పాఠం ఉంది. పాత టీకాలోని చక్కెర గొలుసు లాంటి పదార్థాన్ని రెండేళ్లలోపు పిల్లల బి-కణాలు పట్టించుకోవు. దాన్ని ఒక ప్రొటీన్‌కు అతికిస్తే టి-కణాలు సాయానికొస్తాయి, జ్ఞాపకం ఏర్పడుతుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఇలా తయారు చేసిన టైప్‌బార్ టీసీవీకి 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. పాఠ్యపుస్తకంలోని ఒక పేరా పరిశ్రమలో ఉత్పత్తిగా మారడమంటే ఇదే.

మీ దారి ఏది?

2020 ఏప్రిల్‌లో కొవిడ్ కేసుల్లో కర్నూలు జిల్లా రాష్ట్రంలోనే ముందుంది. ఆ రోజుల్లో రాష్ట్రంలో వైరస్ పరీక్ష చేయగల ల్యాబ్‌లు కొన్నే. మెషిన్ల కంటే వాటిని నమ్మకంగా నడిపే మనుషుల అవసరం అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఇప్పుడు దారులు ఇలా ఉన్నాయి.

ఆసుపత్రి ల్యాబ్: 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీ, 2006లో వచ్చిన కడప రిమ్స్, జిల్లా ఆసుపత్రులు, ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటర్లు ఇందులోకి వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు సాధారణంగా డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి 'ఇదీ ల్యాబ్ చదువే కదా' అని అప్లై చేసి తిరస్కరణకు గురయ్యేవాళ్లు చాలామంది. ఏ ఉద్యోగం కావాలో కోర్సులో చేరకముందే నోటిఫికేషన్ తీసి అర్హత చదవండి.

పరిశోధన, వైరస్ ల్యాబ్‌లు: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ వాళ్లకు కేంద్ర వైరల్ ల్యాబ్‌ల నెట్‌వర్క్‌లో నాన్ మెడికల్ పోస్టులు వస్తుంటాయి. పీజీకి ఏపీ పీజీసెట్ ద్వారా కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాలు అందుబాటులో ఉన్నాయి. జాతీయ స్థాయిలో సీయూఈటీ పీజీ, ఐఐటీ జామ్, గ్యాట్-బి రాయొచ్చు. పీహెచ్‌డీ వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్ ముఖ్యం. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్ఐఏబీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

టీకా, ఫార్మా పరిశ్రమ: భారత్ బయోటెక్, బయొలాజికల్-ఇ, ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ లాంటి సంస్థలున్న రంగమిది. బీఎస్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ వాళ్లకు క్వాలిటీ కంట్రోల్‌లో స్టెరిలిటీ టెస్టింగ్, గదుల గాలి, నీటి పరిశీలన లాంటి పనులు. డాక్యుమెంటేషన్ ఇక్కడ సగం ఉద్యోగం. చేసిన పని రాయకపోతే చేయనట్టే లెక్క.

నిఘా, ప్రజారోగ్యం: ఏ ఊళ్లో జ్వరాలు పెరుగుతున్నాయో ఐడీఎస్‌పీ, ఐహెచ్ఐపీ వ్యవస్థలు నమోదు చేస్తాయి. ల్యాబ్ ఫలితం ఇందులోకి వెళ్లాకే ఊరికి బృందం కదులుతుంది. గణాంకాలంటే ఇష్టమున్నవాళ్లు చెన్నైలోని ఐసీఎంఆర్-ఎన్ఐఈ లాంటి చోట పబ్లిక్ హెల్త్ పీజీ గురించి ఆలోచించొచ్చు.

పశువైద్యం: గొర్రెలు మన సీమ ఆర్థికానికి ప్రాణం. బ్రూసెల్లోసిస్, ఆంత్రాక్స్ లాంటివి పశువుల నుంచి మనిషికి వస్తాయి. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. పశువు, మనిషి, పరిసరాలు కలిపి చూసే 'వన్ హెల్త్' ఆలోచనకు మన ప్రాంతం కంటే మంచి బడి దొరకదు.

ఇంటర్వ్యూకు ముందు..

ఈ ఐదు ప్రశ్నలకు పుస్తకం చూడకుండా, మీ మాటల్లో, రెండేసి నిమిషాలు చెప్పగలరేమో చూసుకోండి.

1. మూడో రోజు ఐజీఎం నెగెటివ్ వస్తే వైద్యుడికి మీరేం చెబుతారు?
2. సెన్సిటివిటీ, ప్రిడిక్టివ్ వాల్యూ మధ్య తేడా ఏంటి?
3. కణంలో దాక్కునే క్రిమికి పెన్సిలిన్ ఎందుకు పని చేయదు? దీనికి 'గోడ' కారణమా, 'చోటు' కారణమా?
4. కంట్రోల్ వెల్ విఫలమైతే ఆ ప్లేట్ ఫలితాలు ఏం చేస్తారు?
5. శాంపిల్ ఫారంలో జ్వరం మొదలైన తేదీ లేదు. పరీక్ష చేసేస్తారా, అడుగుతారా?

నాలుగోదానికి జవాబు ఒక్కటే: ఆ ఫలితాలు బయటికివ్వకూడదు, మళ్లీ చేయాలి. ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మిమ్మల్ని మిగతావాళ్ల నుంచి వేరు చేసేది అదే. ఆ ఖాళీ గడిని చూసి వార్డుకు ఫోన్ చేసి 'జ్వరం ఎప్పటి నుంచి?' అని అడిగే టెక్నీషియన్ ఉంటే, ఆ నెగెటివ్ కింద 'లక్షణాలు కొనసాగితే మళ్లీ శాంపిల్ పంపగలరు' అన్న ఒక్క వాక్యం చేరుతుంది. ఆ వాక్యం చదివిన వైద్యుడు రోగిని ఇంటికి పంపే ముందు ఇంకోసారి ఆలోచిస్తాడు.

ఈ వారం ఒక పని చేయండి. మీ నోట్‌బుక్‌లో అడ్డంగా జ్వరం ఒకటో రోజు నుంచి 14వ రోజు దాకా గీత గీయండి. నిలువుగా డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్, మలేరియా రాయండి. ఏ గడిలో ఏ పరీక్ష పని చేస్తుందో నింపండి. నింపలేని గడి ఎక్కడుందో, మీరు రేపు చదవాల్సిన పాఠం అక్కడుంది.